కుక్క ముక్కులో కాపురం.. మేక కార్జంలో బస
'నాలుక పురుగు'తో మనిషికీ ముప్పే
* పచ్చి కార్జం తిన్న కొద్దిసేపటికే గొంతు వాపు
* మాంసపు వ్యర్థాలు కుక్కల పాలైతే వ్యాధి చక్రానికి ఊతం
* బాగా ఉడికించడం, వ్యర్థాలను పూడ్చడమే నివారణ

లెబనాన్‌ దేశంలో మేక, గొర్రె కార్జాన్ని పచ్చిగానే ముక్కలు కోసి, ఉప్పు, మసాలా దినుసులు అద్ది రొట్టెతో తినే ఆచారం తరతరాలుగా ఉంది. అలా తిన్నవారిలో కొందరికి నిమిషాల నుంచి కొద్ది గంటల వ్యవధిలోనే గొంతులో విపరీతమైన దురద మొదలవుతుంది. ముల్లు గుచ్చుకున్నట్లు అనిపిస్తుంది. ఆపై ఆగని దగ్గు, తుమ్ములు, కళ్ల వెంట నీరు, ముక్కు కారడం, మింగలేకపోవడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కొందరికి ముఖం, మెడ ఉబ్బుతాయి. ఈ జబ్బును అక్కడివారు 'హల్‌జూన్‌' అని పిలుస్తారు. అరబ్బీ భాషలో ఆ మాటకు నత్త అని అర్థం.

ఆఫ్రికాలోని సూడాన్‌లోనూ ఇదే తరహా జబ్బు ఉంది. గొర్రె, మేక, ఒంటెల కార్జం, ఊపిరితిత్తులు, పొట్ట భాగాలను పచ్చిగా నిమ్మరసం, మిరప కారంతో కలిపి చేసే వంటకాన్ని అక్కడ 'మర్రారా' అంటారు. వంటకం పేరే జబ్బుకూ స్థిరపడింది. రెండు దేశాల్లోనూ దీనికి కారణం ఒక్కటే. అది నాలుక ఆకారంలో ఉండే ఒక పరాన్నజీవి. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు 'లింగ్వాటులా సెర్రేటా'. వాడుకలో నాలుక పురుగు.

ఈ జీవి ఎడారి దేశాలకే పరిమితం కాదు. కుక్క, మేక, గొర్రె, పశువు కలిసి బతికే ప్రతి ప్రాంతంలోనూ దీనికి చోటుంది. భారతదేశంలో మేకలు, పశువులు, గేదెల పేగుల చుట్టూ ఉండే గ్రంథుల్లో దీని పిల్లపురుగులను పశువైద్య పరిశోధకులు గుర్తించారు. మనుషుల్లో మాత్రం ఇక్కడ అరుదు. అయినప్పటికీ దీని జీవనచక్రాన్ని తెలుసుకోవడం గొర్రెల పెంపకం విస్తారంగా ఉన్న తెలుగు జిల్లాలకు ఎంతైనా అవసరం.

పేరుకు పురుగు.. నిజానికి రొయ్యల బంధువు

ఆడ నాలుక పురుగు సుమారు 8 నుంచి 13 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. మగది 2 సెంటీమీటర్లకు మించదు. ముందు భాగం వెడల్పుగా, వెనుక భాగం సన్నగా, ఒళ్లంతా అడ్డగీతలతో చదునుగా ఉండి అచ్చం నాలుకను తలపిస్తుంది. నోటికి రెండు వైపులా రెండేసి చొప్పున నాలుగు కొక్కేలు ఉంటాయి. వీటితోనే ముక్కు లోపలి పొరను పట్టుకుని వేలాడుతూ రక్తాన్ని, స్రావాలను పీలుస్తుంది. కొక్కేలు ఉండే నాలుగు గుంతలను తొలినాళ్ల పరిశీలకులు నోళ్లుగా పొరబడ్డారు. అసలు నోటితో కలిపి ఐదు నోళ్లుగా లెక్కించి ఈ వర్గానికి 'పెంటాస్టోమిడా' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో 'పెంటె' అంటే ఐదు, 'స్టోమా' అంటే నోరు.

చూడటానికి పురుగులా ఉన్నా ఇది ఏలికపాము, బద్దెపురుగుల జాతికి చెందినది కాదు. గుడ్డు నుంచి వెలువడే పిల్లకు నాలుగు పొట్టి కాళ్లుంటాయి. అందువల్ల చాలాకాలం దీనిని గోమారి వంటి జీవుల బంధువుగా తలచారు. 1972లో వీర్యకణాల నిర్మాణంపై, 1989లో జన్యు పదార్థంపై జరిగిన పరిశోధనలు అసలు సంగతిని బయటపెట్టాయి. చేపల ఒంటిని పట్టుకుని బతికే చేపపేనుకు ఇది దగ్గరి చుట్టమని తేలింది. అంటే రొయ్యలు, పీతలు ఉన్న వర్గంలోనే దీని స్థానం.

ఈ తేడా కేవలం పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. మామూలు నులిపురుగుల మాత్రలు దీనిపై నమ్మకంగా పనిచేస్తాయని నిరూపణ కాలేదు. మందు ఉంది కదా అన్న ధీమా ఈ జీవి విషయంలో చెల్లదు.

మూడు మజిలీల ప్రయాణం

నాలుక పురుగు పూర్తిగా ఎదగాలంటే రెండు జంతువులు కావాలి. ఒకటి మాంసం తినేది, రెండోది గడ్డి మేసేది.

పెద్ద పురుగు కుక్క, నక్క, తోడేలు వంటి జంతువుల ముక్కు రంధ్రాల లోపల నివసిస్తుంది. ఏడాదికి పైగా అక్కడే ఉండి లక్షల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. కుక్క తుమ్మినప్పుడు ఆ గుడ్లు చీమిడితో పాటు బయటకు వచ్చి గడ్డిపైనా, నీటిలోనూ పడతాయి. కుక్క మింగిన గుడ్లు మలంలో బయటకు వస్తాయి. ఇది మొదటి మజిలీ.

గుడ్లున్న గడ్డిని మేకో, గొర్రెో, ఆవో, గేదెో మేస్తుంది. కడుపులోకి చేరిన గుడ్డు పగిలి పిల్ల బయటకు వస్తుంది. అది పేగు గోడను తొలుచుకుని కార్జం, ఊపిరితిత్తులు, పేగుల పొరలోని గ్రంథులకు చేరుతుంది. అక్కడ చిన్న తిత్తి కట్టుకుని పలుమార్లు కుబుసం విడుస్తూ సుమారు ఆరు నెలల్లో అర సెంటీమీటరు పొడవున్న పిల్లపురుగుగా మారుతుంది. దాని ఒంటి చుట్టూ వరుసలు వరుసలుగా సన్నని ముళ్లు ఉంటాయి. మేకలో సాధారణంగా ఏ లక్షణమూ కనిపించదు. ఇది రెండో మజిలీ.

ఆ మేకను కోసినప్పుడు పేగులు, గ్రంథులు, పనికిరాని కార్జం ముక్కలు కుక్కకు దక్కితే పిల్లపురుగులు కుక్క కడుపులోకి వెళ్తాయి. అవి కడుపులో ఉండిపోవు. అన్నవాహిక గుండా పైకి పాకి, గొంతు దాటి ముక్కులో స్థిరపడతాయి. మరో ఆరు నెలల్లో ఎదిగి గుడ్లు పెట్టడం ప్రారంభిస్తాయి. చక్రం పూర్తవుతుంది. ఇలాంటి కుక్క తరచూ తుమ్ముతుంది. ముక్కును నేలకు రుద్దుకుంటుంది. ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కలిసిన స్రావం కారుతుంది.

మనిషికి సోకేది రెండు దారుల్లో

ఈ చక్రంలో మనిషికి నిజానికి పాత్ర లేదు. పొరపాటున మధ్యలో చిక్కుకుంటాడు. అయితే ఆ చిక్కుకోవడం రెండు రకాలుగా జరుగుతుంది. దారిని బట్టి జబ్బు తీరు మారుతుంది.

మొదటిది మాంసం దారి. తిత్తులున్న కార్జాన్ని, గ్రంథులను పచ్చిగా లేదా సగం ఉడికించి తింటే పిల్లపురుగులు బతికే కడుపులోకి చేరతాయి. కుక్కలో చేసినట్లే మనిషిలోనూ పైకి పాకి గొంతు, ముక్కు వెనుక భాగంలోని మెత్తని పొరను పట్టుకుంటాయి. హల్‌జూన్‌, మర్రారా జబ్బులు ఇవే. గతంలో ఒకసారి ఈ జీవి బారిన పడినవారికి ఒంట్లో అసహనం ఏర్పడి, తర్వాతిసారి వాపు తీవ్రంగా ఉండవచ్చని వైద్యుల అభిప్రాయం. అధిక శాతం మందికి ఒకటి రెండు వారాల్లో బాధ తగ్గిపోతుంది. తుమ్మినప్పుడో, దగ్గినప్పుడో పురుగు బయటపడటమూ ఉంది. శ్వాసమార్గం వాచి ఊపిరాడని పరిస్థితి ఏర్పడితే మాత్రం ప్రాణాపాయమే.

రెండోది గుడ్ల దారి. కుక్క చీమిడి, లాలాజలం, మలంతో కలుషితమైన చేతులు, ఆకుకూరలు, నీటి ద్వారా గుడ్లు కడుపులోకి వెళ్తాయి. అప్పుడు మనిషి మేక స్థానంలో నిలుస్తాడు. పిల్లపురుగులు కార్జం, ఊపిరితిత్తులు, పేగుల పొరల్లో తిత్తులు కట్టుకుంటాయి. ఎక్కువ మందిలో ఏ బాధా ఉండదు. పురుగు చనిపోయి, తిత్తి సున్నపు గడ్డగా మారి జీవితాంతం అలాగే ఉండిపోతుంది. వేరే జబ్బు కోసం ఎక్స్‌రే, స్కానింగ్‌ తీసినప్పుడో, శవపరీక్షలోనో బయటపడుతుంది. కార్జంపై కనిపించే ఇలాంటి మచ్చలను క్యాన్సర్‌ వ్యాపించిన గుర్తులుగా అనుమానించిన సందర్భాలు ఉన్నాయి. అరుదుగా పిల్లపురుగు కంటిలోకి చేరి చూపును దెబ్బతీసిన కేసులూ వివిధ దేశాల్లో నమోదయ్యాయి.

దోషం జలగదని నమ్మిన కాలం

హల్‌జూన్‌కు కారణం ఏమిటన్న విషయంలో వైద్యులు దశాబ్దాల పాటు తప్పుదారి పట్టారు. గొర్రె కార్జంలో ఆకు ఆకారంలో కనిపించే కార్జపు జలగ గొంతుకు అతుక్కోవడం వల్లే ఈ జబ్బు వస్తుందని పాఠ్యపుస్తకాల్లోనూ రాశారు. పచ్చి కార్జం తిన్నాకే జబ్బు వస్తోంది, కార్జంలో కంటికి కనిపించేది జలగ. కాబట్టి దోషం దానిదేనని భావించారు. నీటితో పాటు గొంతులోకి చేరే జలగలనూ కొందరు అనుమానించారు.

1965లో లెబనాన్‌లో జరిగిన పరిశోధన ఈ నమ్మకాన్ని ప్రశ్నించింది. హల్‌జూన్‌, మర్రారా రెండింటికీ నాలుక పురుగే కారణమై ఉండాలని ప్రతిపాదించింది. 1969లో ఇద్దరు రోగుల నుంచి నాలుక పురుగు పిల్లలను స్వయంగా వెలికితీసి చూపడంతో వాదనకు ఆధారం లభించింది. కార్జంతో పాటు తినే గ్రంథుల్లో ఈ పిల్లలు ఉండటమూ వెల్లడైంది. కంటికి సులువుగా కనిపించే జీవి నింద మోసింది. గ్రంథిలో దాగిన అర సెంటీమీటరు జీవి అంతకాలం తప్పించుకుంది.

ఇరాన్‌లోనూ ఈ జీవి మేకలు, వీధి కుక్కల్లో విస్తారంగా ఉన్నట్లు పలు అధ్యయనాలు తెలిపాయి. నిప్పులపై కాల్చిన కార్జం అక్కడ ఇష్టమైన ఆహారం. పైన కాలి లోపల పచ్చిగా మిగిలిన ముక్కతోనే ప్రమాదం.

పాముల నుంచి మరో రకం

నాలుక పురుగుల్లో మరో ముఖ్యమైన జాతి 'ఆర్మిల్లిఫర్‌'. ఒంటి చుట్టూ కంకణాలు తొడిగినట్లు వలయాలు ఉండటంతో ఈ పేరు వచ్చింది. ఇది కొండచిలువలు, రక్తపింజర జాతి పాముల ఊపిరితిత్తుల్లో నివసిస్తుంది. గుడ్లు పాము నోటి స్రావాలు, మలం ద్వారా బయటకు వస్తాయి. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల్లో పాము మాంసాన్ని కోసేవారు, వండేవారు, సరిగా ఉడకని మాంసం తినేవారు దీని బారిన పడుతున్నారు. మనిషి శరీరంలో నాలుక పురుగు జాతి జీవిని తొలిసారిగా 1847లో కైరోలో ప్రూనర్‌ అనే జర్మన్‌ వైద్యుడు గుర్తించింది కూడా ఈ రకాన్నే.

మలేసియాలో అడవుల్లో నివసించే ఆదివాసుల్లో జరిపిన శవపరీక్షల్లో దాదాపు సగం మంది శరీరాల్లో ఈ జాతి తిత్తులు కనిపించినట్లు 1969లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. వారిలో చాలామందికి బతికి ఉన్నంతకాలం ఆ సంగతే తెలియదు. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో కంటిలోకి ఈ జీవి చేరి చూపు దెబ్బతిన్న రోగుల వివరాలు 2014లో వైద్య పత్రికలో వెలువడ్డాయి. ఎక్స్‌రేలో అర్ధచంద్రాకారంలో, గుర్రపు నాడా మాదిరిగా కనిపించే సున్నపు గుర్తులే ఈ జాతి ఆనవాళ్లు. పాము మాంసం తినే అలవాటు లేని తెలుగు ప్రాంతాల్లో దీనితో ఆందోళన అవసరం లేదు. ఇక్కడ పట్టించుకోవాల్సింది కుక్క ద్వారా వచ్చే రకాన్నే.

ఇక్కడ ఎందుకు పట్టించుకోవాలి

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం. అక్కడ సుమారు 1.91 కోట్లు ఉన్నాయి. సుమారు 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్‌ రెండో స్థానంలో నిలిచింది. మందల వెంట కాపలా కుక్కలు ఉంటాయి. ఆదివారం వచ్చిందంటే పల్లెల్లో చెట్టు కిందనే యాటను కోసి పోగులు వేస్తారు. జాతర్లు, దేవర్ల సమయంలో ఒక్క రోజే వందల సంఖ్యలో తలలు తెగుతాయి. బోటి, తల, కాళ్లు వంటింటికి చేరగా మిగిలిన పేగుల పొరలు, గ్రంథులు, గడ్డలున్న కార్జం ముక్కలు కాలువ గట్టునో, చెత్తకుప్పపైనో పడతాయి. వాటి కోసం కుక్కలు ముందే వచ్చి కూర్చుంటాయి. నాలుక పురుగుకు కావాల్సింది సరిగ్గా ఇదే.

ఇదే దారిలో మరింత ప్రమాదకరమైన జీవి ప్రయాణిస్తుంది. కుక్క పేగుల్లో ఉండే 'ఎకినోకాకస్‌' అనే చిన్న బద్దెపురుగు గొర్రె, మేక, మనిషి కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు పుట్టిస్తుంది. దీనినే హైడాటిడ్‌ వ్యాధి అంటారు. తిత్తి ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగి కొబ్బరికాయంత కావచ్చు. లోపల పగిలితే ప్రాణానికే ముప్పు. దేశంలో ఈ వ్యాధి ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌, తమిళనాడు ఉన్నాయి. నాలుక పురుగు అరుదు కావచ్చు, హైడాటిడ్‌ మాత్రం ఆసుపత్రులకు పరిచయమున్న జబ్బే. రెండింటికీ తలుపు ఒక్కటే. మాంసపు వ్యర్థాలు కుక్కకు అందకుండా చేస్తే రెండు తలుపులూ మూసినట్లే.

కుక్కలకు పశువైద్యులు ఇచ్చే ప్రాజిక్వాంటెల్‌ మాత్ర బద్దెపురుగును తొలగిస్తుంది. నాలుక పురుగుకు అలాంటి నమ్మకమైన మాత్ర లేదు. కాబట్టి వ్యర్థాల విషయంలో జాగ్రత్తకు ప్రత్యామ్నాయం లేదు.

నిబంధనలు ఏం చెబుతున్నాయి

జంతు వధశాలలపై 2001లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పురపాలక పరిధిలో గుర్తింపు లేదా లైసెన్సు పొందిన వధశాలలోనే పశువులను కోయాలి. కోయడానికి ముందు పశువైద్యుడు పరీక్షించాలి. ఒక వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జంతువులకు మించి పరీక్షించరాదని పరిమితి సైతం విధించారు. చెట్టు కింద, రోడ్డు పక్కన కోసిన యాటకు ఈ పరీక్ష ఉండదు. కార్జంపై తెల్లని గడ్డలు, నీటి తిత్తులు, ఉబ్బి రంగు మారిన గ్రంథులు కనిపించినా చెప్పేవారు ఉండరు. అలాంటి భాగాన్ని కోసి కుక్కకు వేయడమే చాలాచోట్ల జరుగుతున్నది. కొనేవారికి మేలు చేశామనుకున్న ఆ పనే ఊరికి కీడు తెస్తుంది.

చికిత్స ఇలా

గొంతులో అతుక్కున్న పురుగును చెవి, ముక్కు, గొంతు వైద్యులు పరికరంతో తొలగిస్తారు. వాపు, దురద తగ్గేందుకు ఎలర్జీ మందులు, అవసరమైతే స్టీరాయిడ్లు ఇస్తారు. కార్జంలో, ఊపిరితిత్తుల్లో సున్నపు గడ్డలుగా మారినవాటికి సాధారణంగా చికిత్స అవసరం ఉండదు. తిత్తి వల్ల అవయవానికి అడ్డంకి ఏర్పడితేనే శస్త్రచికిత్స చేస్తారు. కంటిలోకి చేరిన పురుగును ఆలస్యం లేకుండా శస్త్రచికిత్సతో తీయాల్సి ఉంటుంది. మాంసాహారం తిన్న కొద్దిసేపటికే గొంతు వాచి శ్వాస అందకపోతే, కారణం ఏదైనా, ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా దగ్గరి ఆసుపత్రికి తరలించాలి. ఏం తిన్నదీ, ఎంతసేపటి కిందట తిన్నదీ వైద్యునికి తప్పక చెప్పాలి.

పాటించాల్సిన జాగ్రత్తలు

* కార్జం, బోటి, తలకాయ మాంసాన్ని లోపలి వరకు పూర్తిగా ఉడికించాలి. నిప్పులపై కాల్చేటప్పుడు ముక్కలు చిన్నవిగా కోయాలి. లోపల ఎర్రగా మిగిలితే తినకూడదు.
* ఉప్పు, నిమ్మరసం, కారం అద్దినంత మాత్రాన పురుగు చావదు.
* పచ్చి మాంసం కోసిన కత్తి, పీటతో కడగకుండా ఉల్లిగడ్డ, కొత్తిమీర తరగరాదు. కోసిన చేతులను సబ్బుతో కడుక్కోవాలి.
* పచ్చి పేగులు, కార్జం ముక్కలను పెంపుడు కుక్కలకు, మంద కుక్కలకు వేయరాదు. వేయాల్సి వస్తే ఉడికించి వేయాలి.
* వ్యర్థాలను కుక్కలు తవ్వలేనంత లోతు గోతిలో వేసి, సున్నం చల్లి, మట్టి కప్పాలి. జాతర్ల సమయంలో పంచాయతీలు ముందుగానే గోతులు తవ్వించాలి.
* కుక్కతో ఆడిన పిల్లలు అన్నానికి ముందు తప్పనిసరిగా చేతులు కడుక్కోవాలి. కుక్క మూతిని ముఖానికి తాకనీయరాదు.
* ఆకుకూరలు, పచ్చిగా తినే కూరగాయలను ధారగా పోసిన నీటితో కడగాలి.
* కుక్క అదేపనిగా తుమ్ముతున్నా, ముక్కు నుంచి రక్తం కారుతున్నా పశువైద్యునికి చూపించాలి.

బాగా ఉడికిన మాంసం తినేవారు మాంసం దారిలో వచ్చే నాలుక పురుగుకు భయపడాల్సిన పని లేదు. ఈ విషయంలో తెలుగు వంటింట్లో గంటసేపు ఉడికే కూరే రక్ష. లోపం వంటింట్లో లేదు, యాటను కోసే చోట ఉంది. అక్కడ ఒక గొయ్యి తవ్వి, పేగులను కుక్కలకు అందకుండా పూడ్చేందుకు పట్టేది అరగంట. ఆ అరగంట శ్రమతో నాలుక పురుగు చక్రం తెగుతుంది. హైడాటిడ్‌ తిత్తి చక్రమూ తెగుతుంది.